గజిల్ పూల్: అవతలి సర్వర్ పెట్టిన హద్దుకు లోబడి పని చేయించుకోవడంలో ఎంతవరకు ఉపయోగపడుతుంది?

మందుల దుకాణాలు వాడే ఒక వెబ్ అప్లికేషన్‌ను కొన్నేళ్లుగా నేను చూసుకుంటున్నాను. కౌంటరు దగ్గర ఉన్నవారు తమకు కావలసిన మందుల పట్టీని తెరమీద నింపి బటన్ నొక్కితే, పీహెచ్‌పీ భాషలో రాసిన మా స్క్రిప్టు స్టాకిస్టు సర్వర్‌ను సంప్రదించి, ఏ మందు ఎంత నిల్వ ఉంది, ఏ బ్యాచ్‌ది, గడువు ఎప్పటిదాకా ఉంది, ధర ఎంత అన్న వివరాలు తెచ్చి చూపించాలి. ఆ సర్వర్‌లో పట్టీ మొత్తాన్ని ఒక్కసారిగా అడిగే సదుపాయం లేదు. ఒక్కో మందు గురించి ఒక్కో ప్రశ్న విడిగా పంపాలి. దానికి తోడు, ఒక ఐపీ చిరునామా నుంచి ఏ క్షణంలోనైనా 8 కనెక్షన్లకు మించి ఉండకూడదన్నది వారి నియమం. ఈ నియమాన్ని మీరకుండా, కౌంటరు దగ్గర నిలబడిన మనిషిని ఎక్కువసేపు నిలబెట్టకుండా పని జరిపించడానికి గజిల్ అనే పీహెచ్‌పీ లైబ్రరీలోని పూల్ అనే భాగాన్ని ఎంచుకున్నాము. రెండేళ్ల వాడకం తరువాత, దానిలో నాకు నచ్చినవీ, అది చేయదని ఆలస్యంగా తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

మొదట మేము ప్రశ్నలను ఒకదాని తరువాత ఒకటిగా పంపేవాళ్లము. ఒక్కో జవాబుకు సుమారు 400 మిల్లీసెకన్లు పట్టేది కనుక 40 మందుల పట్టీకి 16 సెకన్లు అయ్యేది. అది భరించరానిదిగా తోచి, పీహెచ్‌పీలోనే ఉన్న కర్ల్ మల్టీ ఫంక్షన్లతో నలభై ప్రశ్నలనూ ఒకేసారి వదిలే కోడ్ రాశాను. పరీక్షించేటప్పుడు ఐదారు మందులతోనే చూశాను కాబట్టి అంతా సవ్యంగానే కనబడింది. తరువాత ఒక సోమవారం ఉదయం దుకాణాలన్నీ తెరిచే వేళకు పెద్ద పట్టీలు రావడం మొదలైంది. మొదటి ఎనిమిది ప్రశ్నలకు జవాబులు వచ్చి, మిగిలినవన్నీ, ప్రశ్నలు మితిమీరాయని చెప్పే 429 అనే స్థితి సంఖ్యతో తిరిగివచ్చాయి. నా కోడ్ వాటిని ఆ క్షణంలోనే మళ్లీ పంపింది. కొద్ది నిమిషాల్లో మా చిరునామాను ఆ సర్వర్ గంటసేపు పూర్తిగా నిరోధించింది. ఇన్సులిన్ కోసం వచ్చినవారికి సమాధానం చెప్పడానికి దుకాణాలవారు స్టాకిస్టుకు ఫోన్లు చేసుకోవలసి వచ్చింది. తప్పు నాదే. అవతలివారి నియమం వారి పత్రంలో మొదటి పుటలోనే ఉంది.

అటువంటి హద్దును పిసినారితనంగా భావించేవారిని చూశాను కాబట్టి దాని వెనుక ఉన్న కారణం కొంత చెప్పాలి. సర్వర్ వైపు ప్రతి కనెక్షన్ కొంత మెమరీని, చాలాచోట్ల ఒక ప్రాసెస్‌ను, దాని వెనుక ఒక డేటాబేస్ కనెక్షన్‌ను పట్టి ఉంచుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఎవరూ మార్చకపోతే ఒకేసారి అనుమతించే కనెక్షన్లు 151, పోస్ట్‌గ్రెస్‌లో 100. ఒక్క ఖాతాదారు స్క్రిప్టు అందులో నలభై ఆక్రమిస్తే మిగిలినవారు బయట నిలబడతారు. వెబ్ సంభాషణకు నియమాలు చెప్పే, 1999లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ఒక సర్వర్‌తో రెండు కనెక్షన్లకు మించి పెట్టుకోవద్దని సంఖ్య వేసి మరీ చెప్పింది. 2014లో దాన్ని సవరించినప్పుడు ఆ సంఖ్యను తీసివేసి, మితంగా ఉండమని మాత్రం చెప్పారు. నేటి బ్రౌజర్లు హెచ్‌టీటీపీ 1.1లో సాధారణంగా ఒక సర్వర్‌కు ఆరు కనెక్షన్ల దగ్గర ఆగుతాయి. ఆ లెక్కన మాకు ఇచ్చిన ఎనిమిది న్యాయమైన సంఖ్యే. మితిమీరిన ప్రశ్నలకు ఇచ్చే 429 అనే జవాబు సైతం 2012లోనే ప్రమాణంగా నిర్ణయమైంది. ఎంతసేపు ఆగి మళ్లీ రావాలో చెప్పే రిట్రై ఆఫ్టర్ అనే శీర్షికను దానితోపాటు పంపవచ్చు. మా స్టాకిస్టు సర్వర్ దాన్ని పంపుతూనే ఉంది. దాన్ని చదవాలన్న ఆలోచనే అప్పట్లో నా కోడ్‌కు లేదు.

గజిల్‌ను మైకేల్ డౌలింగ్ రూపొందించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఏడో తరం 2020లో వచ్చింది. ఇది ఉచితం; పీహెచ్‌పీ లైబ్రరీలను తెచ్చిపెట్టే కంపోజర్‌తో ఒక్క ఆదేశంలో ప్రాజెక్టులోకి చేరుతుంది; లారవెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి తెలియకుండానే వారి ప్రాజెక్టులో ఉంటుంది, ఎందుకంటే లారవెల్ హెచ్‌టీటీపీ క్లయింట్ దీనిమీదే నిర్మితమైంది. అడుగున అసలు రవాణా పనిని ఎక్కువగా, కర్ల్ మల్టీ ఫంక్షన్ల వెనుక కూడా ఉన్న లిబ్‌కర్ల్ అనే లైబ్రరీ చేస్తుంది. కనుక గజిల్ నుంచి కొత్త వేగమేమీ రాదు. నేను చేతితో రాసిన కర్ల్ మల్టీ కోడ్‌లో హద్దు పాటించడం, పూర్తయినదాని స్థానంలో తరువాతిదాన్ని ఎక్కించడం, విఫలమైనవాటిని వేరుచేయడం వంటి పనులన్నీ నా మెడకే చుట్టుకునేవి. పూల్ వాటిని తన మీద వేసుకుంటుంది.

పూల్‌కు మనం పంపవలసిన ప్రశ్నల వరుసను, ఒకేసారి ఎన్ని నడవాలో చెప్పే కన్‌కరెన్సీ అనే సంఖ్యను, జవాబు వచ్చినప్పుడు ఒకటి, విఫలమైనప్పుడు ఒకటి పిలవవలసిన రెండు ఫంక్షన్లను ఇస్తాము. కన్‌కరెన్సీ 8 అని ఇస్తే మొదట ఎనిమిది ప్రశ్నలు బయలుదేరతాయి. వాటిలో ఏ ఒక్కటి ముగిసినా ఆ ఖాళీలోకి తొమ్మిదోది వెళుతుంది. ఎనిమిదీ పూర్తయ్యేదాకా ఆగి మరో ఎనిమిదిని పంపే పద్ధతి కాదిది. ఆలస్యంగా జవాబిచ్చే ఒక్క ప్రశ్న కోసం మిగిలిన ఏడు స్థానాలు ఖాళీగా కూర్చోవు. పదహారు సెకన్లు పట్టిన మా నలభై మందుల పట్టీ ఈ పద్ధతిలో రెండు సెకన్లకు కాస్త అటూఇటూగా పూర్తయ్యేది. కౌంటరు దగ్గర అది చాలా పెద్ద తేడా.

ఇక్కడ కొత్తవారు తప్పక పడే ఒక గుంత ఉంది. అందులో నేనూ పడ్డాను. ప్రశ్నలను ముందుగానే అసింక్ పద్ధతిలో, అంటే జవాబు కోసం ఆగకుండా పిలిచి, వచ్చిన ప్రామిస్‌లన్నింటినీ (జవాబు తరువాత వస్తుందని చెప్పే ఆబ్జెక్టులను) ఒక అరేలో, అంటే జాబితాలో పోసి, వాటికి ఎనిమిది అన్న హద్దు పెట్టామని నమ్మితే మోసపోతాము. అసింక్ పిలుపు జరిగిన క్షణంలోనే ఆ ప్రశ్న కర్ల్ చేతికి వెళ్లిపోతుంది. తరువాత పెట్టే హద్దు జవాబుల కోసం ఎదురుచూసే క్రమానికే వర్తిస్తుంది గాని, కనెక్షన్లు తెరవడాన్ని ఆపలేదు. ప్రశ్నలను జెనరేటర్ ద్వారా, అవసరమైనప్పుడు మాత్రమే ఒక్కొక్కటిగా పుట్టేలా ఇవ్వాలి. లేదా పూల్ పిలిచినప్పుడే పని మొదలుపెట్టే ఫంక్షన్ల రూపంలో ఇవ్వాలి. ఈ తేడా కోడ్‌లో ఒకటి రెండు పంక్తులే. లినక్స్‌లో ఎస్ఎస్ అనే కమాండుతో అవతలి చిరునామాకు ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి చూస్తే తప్ప ఆ తేడా కంటికి కనబడదు. గజిల్ పత్రాల్లో ఉదాహరణ సరిగానే జెనరేటర్‌తో ఉంది. అయితే అది అలా ఎందుకు ఉందో అక్కడే రెండు వాక్యాల్లో హెచ్చరించి ఉంటే చాలామందికి మేలు జరిగేదని నా అభిప్రాయం.

సంఖ్య ఇవ్వడం మరిచిపోతే పూల్ 25 అని తనంతట తాను తీసుకుంటుంది. మా వంటి సందర్భానికి అది మూడు రెట్లు ఎక్కువ. అలాగే మొత్తం ప్రశ్నకు గడువు ఇవ్వకపోతే సున్నా అని భావిస్తుంది; అంటే జవాబు వచ్చేదాకా ఎంతసేపైనా వేచి ఉంటుంది. కనెక్షన్లకు హద్దు ఉన్నచోట ఇది మామూలు లోపంకంటే ప్రమాదకరమైనది. మూగబోయిన ఒక్కో కనెక్షన్ ఎనిమిదింటిలో ఒక స్థానాన్ని పట్టుకుని కూర్చుంటే, అటువంటివి ఎనిమిది కాగానే పట్టీ మొత్తం నిలిచిపోతుంది. కనెక్ట్ కావడానికి 3 సెకన్లు, మొత్తానికి 8 సెకన్లు అని మేము గడువులు పెట్టుకున్నాము. మీ అవతలి సర్వర్ స్వభావాన్ని బట్టి వేరే సంఖ్యలు సరిపోవచ్చు, కానీ సున్నా మాత్రం ఎవరికీ సరిపోదు.

జవాబులు మనం అడిగిన వరుసలో కాక, పూర్తయిన వరుసలో వస్తాయి. ప్రతి జవాబుతోనూ మనం ఇచ్చిన సూచిక తిరిగి వస్తుంది కాబట్టి, మందు కోడ్‌నే సూచికగా ఇచ్చి జవాబును దాని పక్కనే పెట్టుకోవచ్చు. మందుల విషయంలో ఒకదాని ధర మరొకదాని పక్కన పడడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. ఈ భాగంలో పూల్ నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. బ్యాచ్ అనే సులభ మార్గం కూడా ఉంది గాని, అది అన్ని జవాబులనూ మెమరీలో పోగుచేసి చివరన ఇస్తుంది. చిన్న పట్టీలకు పరవాలేదు. పెద్ద ఫైళ్లు తెచ్చుకునే పనికి వాడకూడదు.

నాకు అన్నిటికంటే నచ్చినది కన్‌కరెన్సీ స్థానంలో సంఖ్యకు బదులుగా ఒక ఫంక్షన్‌ను ఇవ్వగలగడం. పూల్ కొత్త ప్రశ్నను ఎక్కించబోయే ప్రతిసారీ, ప్రస్తుతం ఎన్ని నడుస్తున్నాయో ఆ ఫంక్షన్‌కు చెప్పి, ఎంతవరకు పోవచ్చునో అడుగుతుంది. దీని ఆధారంగా హద్దును పరిస్థితిని బట్టి తగ్గించి పెంచే ఏర్పాటు చేసుకున్నాను. ఒక్క 429 వచ్చినా అనుమతిని సగానికి తగ్గిస్తాను. ఆ తరువాత వరుసగా పది జవాబులు సవ్యంగా వస్తే ఒకటి చొప్పున పెంచుతూ పాత స్థాయికి తెస్తాను. పైగా నేరుగా ఎనిమిదికి పోకుండా ఏడు దగ్గరే ఆపేవాడిని. మన వైపు మూసివేసిన కనెక్షన్ అవతలి లెక్కలోంచి తొలగడానికి కొంత సమయం పట్టవచ్చు. ఆ మిగిలిన ఒక్క స్థానం దానికోసం. ఈ మార్పు తరువాత 429 మా లాగ్‌లో కనబడడం అరుదైపోయింది.

మళ్లీ ప్రయత్నించే పనికి గజిల్‌లో రిట్రై మిడిల్‌వేర్ అనే భాగం ఉంది. ఏమీ చెప్పకపోతే ప్రతి విఫల ప్రయత్నానికీ నిరీక్షణను రెట్టింపు చేసుకుంటూ పోతుంది గాని, అవతలి సర్వర్ పంపిన రిట్రై ఆఫ్టర్‌ను తనంతట తాను చదవదు. ఎంతసేపు ఆగాలో నిర్ణయించే ఫంక్షన్‌కు జవాబును అందిస్తుంది కాబట్టి ఆ శీర్షికను మనమే చదివి వాడుకోవచ్చు. అందులో సెకన్ల సంఖ్య ఉండవచ్చు, తేదీ సమయాలూ ఉండవచ్చు. రెండు రూపాలకూ సిద్ధంగా ఉండాలి. ఇంకొక విషయం గమనించాలి. పూల్‌లోని ఒక ప్రశ్న మళ్లీ ప్రయత్నించడానికి ముప్పై సెకన్లు ఆగుతూ ఉంటే, ఆ ముప్పై సెకన్లూ దాని స్థానం దాని పేరనే ఉంటుంది. తెరిచిన కనెక్షన్ లేకపోయినా పూల్ లెక్కలో అది నడుస్తున్నదే. అందువల్ల కౌంటరు పేజీలో మేము ఒక్కసారి మాత్రమే, అదీ 2 సెకన్లలోపు నిరీక్షణ అయితేనే మళ్లీ ప్రయత్నిస్తాము. అంతకు మించినవాటిని విఫలమైనవిగా పక్కన పెట్టి, ఆ మందు వరుసలో వివరాలు ఇంకా రాలేదని స్పష్టంగా చూపిస్తాము. పాత ధరను మాత్రం ఎన్నడూ చూపించము.

ఇంతవరకు చెప్పినదంతా ఒకే స్క్రిప్టు నడుస్తున్నప్పటి సంగతి. వెబ్ పేజీ వెనుక ఉన్న స్క్రిప్టు ఒంటరిగా నడవదు, ఇదే అసలు చిక్కు. మా సర్వర్‌లో స్క్రిప్టులను నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం ఒకేసారి 20 ప్రాసెస్‌లను నడపగలదు. ఇరవై దుకాణాల వాళ్లు ఒకే నిమిషంలో బటన్ నొక్కితే ఇరవై పూల్‌లు పుడతాయి. ఒక్కొక్కటీ తన ఎనిమిది హద్దును నిజాయితీగానే పాటిస్తుంది. అవతలి సర్వర్‌కు మాత్రం 160 కనెక్షన్లు కనబడతాయి. పూల్‌కు తన పక్క ప్రాసెస్‌లో ఏం జరుగుతున్నదో తెలియదు, తెలుసుకునే మార్గమూ అందులో లేదు. దీన్ని గజిల్ లోపమని అనను, అది ఒక ప్రాసెస్ పరిధిలో పనిచేసే లైబ్రరీ. కానీ కన్‌కరెన్సీ అన్న మాట చూసి సమస్య తీరిపోయిందని భావించడం చాలా సులభం. పూల్ పెట్టిన మొదటి నెలలో నేను అలాగే భావించి, ఉదయం వేళ మళ్లీ 429లు రావడం చూసి కలవరపడ్డాను.

ఈ చిక్కుకు మేము చేసుకున్న పరిష్కారం చాలా సాదాసీదాది. సర్వర్‌లో ఎనిమిది ఖాళీ ఫైళ్లు పెట్టాము. ప్రతి స్క్రిప్టు పూల్ మొదలుపెట్టే ముందు, పీహెచ్‌పీ ఎఫ్‌లాక్ ఫంక్షన్‌తో ఆ ఫైళ్లలో ఖాళీగా దొరికినవాటికి, గరిష్ఠంగా నాలుగింటికి తాళం వేస్తుంది. ఎన్ని తాళాలు దొరికాయో అంతే దాని కన్‌కరెన్సీ. ఒక్కటీ దొరకకపోతే కొన్ని మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూస్తుంది. మరీ ఆలస్యమైతే రద్దీగా ఉందని పేజీలో చెబుతుంది. మెమరీలో విలువలు దాచే రెడిస్ అనే సర్వర్‌లో ఒక లెక్క పెట్టి, మొదలుపెట్టేటప్పుడు పెంచి ముగించేటప్పుడు తగ్గించే పద్ధతిని ముందుగా ప్రయత్నించాను. కానీ స్క్రిప్టు మధ్యలో చనిపోతే ఆ లెక్కను తగ్గించేవారు ఉండరు; రోజు గడిచేసరికి ఎవరూ వాడని స్థానాలు వాడుకలో ఉన్నట్టే మిగిలిపోయేవి. ఫైలు తాళంతో ఆ బాధ లేదు, ప్రాసెస్ పోగానే దాని తాళాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ విడిపిస్తుంది. ఈ పద్ధతి ఒకే యంత్రానికి పనికివస్తుంది. మేము రెండో వెబ్ సర్వర్ పెట్టినప్పుడు, రెండూ ఒకే బయటి చిరునామా నుంచి వెళుతున్నాయి కాబట్టి ఫైళ్లను చెరి నాలుగుగా పంచాము. యంత్రాలు ఎక్కువైనవారికి, తాళాలకు కాలపరిమితి ఉండే సిమ్ఫొనీ అనే మరో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లోని సెమఫోర్ వంటిది మేలు. జవాబు పేజీలో వెంటనే కనబడనవసరం లేని పనులైతే, అసలు వాటిని వెబ్ స్క్రిప్టులో చేయకుండా క్యూలో (వరుసలో) వేసి, వెనుక నడిచే ఒకే వర్కర్ ప్రాసెస్ చేత చేయించడం అన్నిటికంటే శ్రేష్ఠం. రాత్రివేళ మొత్తం ధరల పట్టికను తెచ్చుకునే పనిని మేము అలాగే చేస్తున్నాము.

తాళాలు పెట్టిన తరువాత కూడా ఒకటి రెండు అదనపు కనెక్షన్లు అప్పుడప్పుడు కనబడేవి. కారణం కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. పని పూర్తయిన కనెక్షన్‌ను లిబ్‌కర్ల్ వెంటనే మూసివేయదు. మళ్లీ అదే సర్వర్‌తో పని పడవచ్చునని తెరిచే ఉంచుతుంది. మంచి గుణమే, పూల్ లోపల ఒకే కనెక్షన్ మీద ఐదారు ప్రశ్నలు సాగడానికి కారణం అదే. కానీ నా స్క్రిప్టు పూల్ ముగియగానే తాళాలు వదిలేసి, ఆ తరువాత తీరికగా పేజీని తయారుచేసేది. ఆ సమయంలో ఖాళీగా ఉన్నా తెరిచే ఉన్న పాత కనెక్షన్లు, కొత్త తాళాలు పొందిన పక్క స్క్రిప్టు కనెక్షన్లు కలిసి హద్దు దాటేవి. గజిల్ క్లయింట్ ఆబ్జెక్టును, కనెక్షన్లను పట్టి ఉంచే దాని హ్యాండ్లర్‌ను ముందుగా తొలగించి, ఆ తరువాతే తాళాలు వదలడంతో అది సర్దుకుంది. ఇటువంటి పని చేసేవారందరూ ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

పోటీలో ఉన్నవాటి గురించి కొంత చెప్పాలి. 2019లో వచ్చిన సిమ్ఫొనీ హెచ్‌టీటీపీ క్లయింట్ ఒక్కో సర్వర్‌కు ఆరు కనెక్షన్లు అన్న హద్దును, మనం అడగకుండానే తనంతట తాను పెట్టుకుంటుంది. ఇది చాలా మర్యాదగల నిర్ణయం. గజిల్ పూల్ హద్దు మొత్తం ప్రశ్నల మీద ఉంటుంది గాని, ఏ సర్వర్‌కు ఎన్ని అన్నది చూడదు. ఐదారు వేర్వేరు సర్వర్లను ఒకే పూల్‌లో అడిగేవారు, హ్యాండ్లర్‌కు లిబ్‌కర్ల్ ఐచ్ఛికాలను అందించి, సర్వర్‌వారీ హద్దును చేతితో పెట్టుకోవాలి. అది సాధ్యమే, కానీ వెతికి పట్టుకోవలసిన విషయం. కొత్తగా మొదలుపెట్టేవారికి, అనేక సర్వర్లతో పని ఉన్నవారికి నేను సిమ్ఫొనీనే ముందుగా చూడమంటాను. మాలాగ ఒకే సర్వర్, దాని మీద ఒక కచ్చితమైన సంఖ్య, పరిస్థితిని బట్టి ఆ సంఖ్యను మార్చుకోవలసిన అవసరం ఉన్నవారికి గజిల్ పూల్ బాగా అమరుతుంది. అవతలి సర్వర్ హెచ్‌టీటీపీ 2ను అంగీకరిస్తే లెక్కే మారిపోతుంది, ఒకే కనెక్షన్ మీద అనేక ప్రశ్నలు పక్కపక్కనే నడుస్తాయి. గజిల్ 1.1తోనే మొదలవుతుంది కాబట్టి వెర్షన్‌ను మనమే అడగాలి. మా స్టాకిస్టు సర్వర్ ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. 25 అన్న ప్రారంభ సంఖ్య, గడువు లేని ప్రారంభ స్థితి, అరే విషయంలో హెచ్చరిక లేకపోవడం, ఈ మూడింటికీ కలిపి ఒక మార్కు తగ్గించాను. స్టాకిస్టు సాంకేతిక సిబ్బందికి మా ఏర్పాటును వివరంగా రాసి పంపినప్పుడు, వారు తమ లాగ్‌లు చూసి, మా చిరునామాకు ఉన్న హద్దును ఎనిమిది నుంచి పన్నెండుకు పెంచారు. ఇప్పుడు రెండు యంత్రాల్లోనూ చెరి ఆరు ఫైళ్లు ఉన్నాయి.